ఎత్తున కట్టవలసిన బొమ్మలు

స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు గుంటూరులో వ్యవసాయ ప్రదర్శన పెట్టారు గదా, దాని ముందుద్వారం మీద బొమ్మలు వేసింది నేను. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే మద్రాసు నుంచి ఎవరో వచ్చి వేశారని చెప్పుకునే పెద్దమనుషులు నరసరావుపేటలో ఇంకా ఉన్నారు. అట్లా చెప్పుకుంటే గానీ వాళ్ళకి అన్నం అరగదు. మద్రాసు నుంచి ఎవరూ రాలేదు. పేట నుంచి నేను వెళ్ళాను.

నా పేరు నూర్‌బాషా ఉస్మాన్. మా వాళ్ళది దూది ఏకే పని. మూడో తరగతిలో ఉండగా మా నాయన నన్ను బడి మాన్పించి దూది ఏకే విల్లు చేతికిచ్చాడు. విల్లు పట్టమంటే నా చెయ్యి కుంచె పట్టింది. మీసాలు వచ్చేనాటికి జట్కాబళ్ళకి పూలు, కిళ్ళీకొట్లకి బోర్డులు, శివరాత్రికి కోటప్పకొండ ప్రభలకి బొమ్మలు వేసేవాణ్ణి. ఇప్పుడు ఆ మీసాలు నెరిశాయి.

ప్రభ అంటే మా తాలూకాలో పసిపిల్లలకి కూడా తెలుసు. బయటివాళ్ళ కోసం చెబుతాను. వెదురుగెడలతో తాటిచెట్టును మించిన ఎత్తున చట్రం కట్టి, దానికి గుడ్డ చుట్టి, ఆ గుడ్డ మీద దేవుళ్ళ బొమ్మలు వేయించి, బండి మీద నిలబెట్టి ఎడ్లతో కొండ దాకా లాక్కుపోతారు. ఊరికొక ప్రభ. ఏ ఊరిది ఎత్తు, ఏ ఊరిది అందం అని తన్నుకునేదాకా పోతారు. తిరునాళ్ళు ముగిసి ప్రభ ఊరు చేరాక, నేను బొమ్మలు వేసే ఊళ్ళలో ఒక రివాజుంది. ఆ గుడ్డని కోసి ఎడ్లిచ్చిన ఇంటికి, వెదురిచ్చిన ఇంటికి, మోకులు పట్టినవాళ్ళకి తలా ఒక ముక్క పంచుతారు. ప్రసాదం అన్నమాట. శివుడి చెయ్యి ఒక ఇంటికి, మెళ్ళో పాము ఇంకొక ఇంటికి, నంది మొహం మరో ఇంటికి. నడుము విరిగేటట్టు వంగి వేసిన బొమ్మ ఒక్క పూటలో ఊరంతా చెదిరిపోతుంది. వేసినవాడికి మిగిలేది చేతికంటిన రంగు. "ఈ ఏడు కావూరు ప్రభ అదిరింది" అంటారు. ఎవరి చెయ్యి పడితే అదిరిందో ఎవరూ అడగరు.

పేటలో ఉన్న ప్రతి షావుకారు పేరూ, ప్రతి వకీలు పేరూ నేను రాశాను. నా పేరు మాత్రం మా ఇంటి గోడ మీద కూడా లేదు.

ఆ రోజు కోర్టు ఎదురుగా ఒక వకీలుగారి అరుగు మీద కూర్చుని ఆయన బోర్డు రాస్తున్నాను. ఆయన గుమాస్తా శేషగిరిరావు పంతులు పక్కనే పడక్కుర్చీలో పత్రిక చదువుకుంటున్నాడు. తాలూకాలో సగం అర్జీలు ఆయన కలం కిందనుంచి వచ్చినవే. శిస్తు మాఫీ కావాలన్నా ఆయనే, పోరంబోకు జాగా కావాలన్నా ఆయనే.

"ఉస్మానూ, నీకు పనికొచ్చే కబురొకటి పడిందిరా. గుంటూరులో ప్రదర్శన పెడుతున్నారుట. పెద్ద ద్వారం కడతారుట. దానిమీద బొమ్మలు వెయ్యడానికి చిత్రకారుడు కావాలిట."

"చిత్రకారుణ్ణి నేనెందుకవుతానయ్యా. నేను బోర్డులవాణ్ణి."

"పూర్తిగా విను మరి. పని నమూనాలు పంపాలి. తన గురించి తాను రాసుకోవాలి. ఎంపికైనవాడి పేరు ద్వారం మీద రాయిస్తారుట."

నా కుంచె వకీలుగారి పేరు మధ్యలో ఆగిపోయింది.

"ఆ చివరి మాట మళ్ళీ చదవండి పంతులుగారూ."

చదివాడు. ఎంపికైన చిత్రకారుని పేరు ద్వారం మీద వ్రాయబడును. ఆ తరవాత ఆయన ఏం చదివాడో నేను వినలేదు. కూలి ఎంతని కూడా అడగలేదు. ఆ ద్వారం నాకు కావాలి. దాని మీద నా పేరు ఉండాలి. అంతే.

పంతులు అక్కడికక్కడే కాగితం తీశాడు. "మహారాజశ్రీ ప్రదర్శన సంఘంవారి దివ్యసముఖమునకు, నిరుపేదయు, అల్పజ్ఞుడును, బహుకుటుంబీకుడును అగు నూర్‌బాషా ఉస్మాన్ సాష్టాంగపడి మొరపెట్టుకొను అర్జీ" అని మొదలుపెట్టి పుట నిండా నా కష్టాలు రాశాడు. అందులో సగం నాకు లేని కష్టాలు.

"నలుగురు పిల్లలని రాశారేందయ్యా? నాకున్నది ఒక్క పిల్ల. అదీ మాచర్లలో సుఖంగా కాపరం చేసుకుంటంది."

"నువ్వూరుకోరా. ఒక్క పిల్లంటే ఎవడు జాలిపడతాడు? అర్జీలు రాసీ రాసీ నా జుట్టు నెరిసింది. నువ్వు నాకు చెబుతావుటా?"

మా వైపు అర్జీ అంటే అదే. పైవాడి ముందు కూలబడి ఏడవడం. నీళ్ళు అడిగినా, నేల అడిగినా, పని అడిగినా ఒకటే ఏడుపు. నాకు ఒళ్ళు మండింది. కానీ కలం ఆయన చేతిలో ఉంది. సంతకం పెట్టాను.

నమూనాలకి కొత్త బొమ్మలు వేశాను. షావుకారు కొట్టులో గోడకున్న కాలెండరు అడిగి తెచ్చుకుని అందులో ఉన్నది ఉన్నట్టు దింపాను. మంచుకొండలు, చెరువు, తెల్లటి హంసలు. ఇంకొక దాంట్లో తామరపువ్వులో లక్ష్మీదేవి. పట్నంవాళ్ళకి పట్నం సరుకే పంపాలన్నాడు పంతులు. నాకూ అది నిజమే అనిపించింది.

వాటిని ఆరబెడుతుంటే కోటయ్య వచ్చాడు. ప్రభలకి చట్రం కట్టేది అతనే. వెదురు పనిలో అతన్ని మించినవాడు గురజాల దాకా లేడు. నోరు కూడా అంతే. నేనూ అతనూ ఒక ఈడువాళ్ళం.

"ఏందిరా ఇయ్యి, బాతులా?"

"హంసలు."

"ఏడ చూశావురా హంసల్ని? సత్తెనపల్లిలోనా, బెల్లంకొండలోనా?"

"పోరా, నీకేం తెలుసు."

"నాకు తెలవదు సరే, నీకు తెలుసా అని అడుగుతుండా. ఆ కాళ్ళేంది, కొంగకి పెట్టినట్టు పెట్టావు?"

మా ఇంటిది జాన్‌బీ లోపల బొంత కుడుతూ పకపకా నవ్వింది. ఆ నవ్వు నా చెవులకి బాగా లేదు. అయినా పంపించాను.

జవాబు కార్డు మీద వచ్చింది. పంతులు చదివాడు. "మీ కష్టములు చదివి విచారించితిమి. అయితే మాకు కావలసినది మీ పని. మీరు పంపినవి అచ్చుబొమ్మలకు నకళ్ళు. ఇంతవరకు మీరు స్వయముగా చేసిన పని ఏదయిన ఉన్నచో ఈ నెలాఖరులోగా తీసికొని రండి. గోపాలరావు." ఆ గోపాలరావు అనే ఆయన బొమ్మలు నేర్పే పెద్ద మాస్టారనీ, సంఘంలో బొమ్మల సంగతి చూసేది ఆయనేననీ పంతులే చెప్పాడు.

"పోనీలేరా," అన్నాడు పంతులు. "ఇంకో అర్జీ పెడదాం. ఈసారి పిల్లలు ఆరుగురు."

"వద్దు పంతులుగారూ. ఉన్న పిల్ల చాలు."

ఇంటికి వచ్చి కార్డు కోటయ్యకి వినిపించాను. నాకు కోపం ఆ గోపాలరావు మీద. చేసిన పని చూపించమంటాడేమిటి? ఏ ఏటి పని ఆ ఏడే కోసి పంచేస్తుంటే నేను ఏం చూపించను? చేతులు చూపించనా?

కోటయ్య చుట్ట వెలిగించుకుని, "ఇంటింటికీ పోయి ఏరుకురా మరి," అన్నాడు ఎగతాళిగా. "కత్తి పెట్టి కోసింది నేనే గదా. నీ శివుడి మోకాలు ఎవరింట్లో ఉందో, నెలవంక ఎవరింట్లో ఉందో చెబుతాలే."

"చెప్పు."

"ఏందిరా, నిజంగానే పోతావా?"

"నువ్వు కూడా వస్తావు. లే."

జాన్‌బీ సూది ఆపింది. "ముక్కలు అడుక్కోడానికి పోతావా?"

"అడుక్కోడానికి కాదే. నావి నేను తెచ్చుకోడానికి."

అన్నంత తేలిక కాలేదు. కావూరులో మొదటి గడప వీరయ్యగారిది. పెద్ద రైతు. ప్రభకి ఎడ్లిచ్చే ఇల్లు. శివుడి మొహం ఉన్న ముక్క వాళ్ళ ధాన్యం గాదె మీద మేకు కొట్టి ఉంది. పొగచూరి నల్లబడింది. నేను సంగతి చెప్పేసరికి ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇది నువ్వేసిందా? ఈ కోటయ్య వేశాడనుకుంటన్నానే ఇన్నాళ్ళూ!"

కోటయ్య ఇకిలించాడు. నాకు నెత్తి మీద నిప్పులు పోసినట్టయింది.

"కోటయ్యకి వెదురు తెలుసండీ. గీత తెలవదు. ఆ కనురెప్ప చూడండి, కిందకి వాలింది గదా. అట్లా వాల్చడానికి ఎన్నిసార్లు చెరిపానో నాకు తెలుసు."

వీరయ్యగారు గాదె దగ్గరికి పోయి మొదటిసారి చూసినట్టు చూశాడు. "నిజమేనయ్యా. ఆయన మన వంకే చూస్తుంటే ఏందో అనుకున్నా." మేకులు తనే పీకి ఇచ్చాడు. "దాణ్ణి తిరిగి తేకపోయావో, వచ్చే ఏడు నీ ప్రభకి నా ఎడ్లు రావు. చూసుకో."

వరలక్ష్మమ్మ ఇంటి దగ్గర ఆ మాత్రం కూడా జరగలేదు. భర్త పోయాక వ్యవసాయం తనే చూసుకుంటున్న మనిషి. ఊళ్ళో మగవాళ్ళు కూడా ఆమె నోటికి జడుస్తారు. నంది మొహం ఆమె గొడ్లసావిట్లో, గేదెకి ఎదురుగా కట్టి ఉంది. దానికి రోజూ పసుపు రాసి బొట్టు పెడుతుందట. కన్ను ఒక్కటే బయటికి కనపడుతోంది. ఆ కన్నుని నేనే వంగి దగ్గరగా చూశాను. అంత బాగా వేశానా అనిపించింది.

"ఇయ్యను," అంది ఆమె, నేను నోరు తెరిచీ తెరవకముందే.

"నేను వేసిన బొమ్మేనమ్మా."

"నువ్వేసినంత మాత్రాన నీదైపోద్దా సాయిబూ? దేవుడిది. దేవుడు మాకిచ్చాడు. గుడ్డకి కంట్రోలు పెట్టిన రోజుల్లో పిల్లలకి చొక్కాగుడ్డ లేక గోతాలు కట్టుకున్నాం. అప్పుడు కూడా దీని మీద చెయ్యెయ్యలా. ఇప్పుడు నీ చేతిలో పెడతానా?"

"నేను అమ్ముకోడానికి అడగటంలేదు. గుంటూరులో పెద్దలకి చూపించాలి. నాకు చేతనవునని వాళ్ళకి తెలవాలి."

"చేతనవునని నోటితో చెప్పు."

"నోటితో ఎవడైనా చెబుతాడమ్మా! ఈ తాలూకాలో ప్రభల మీద ప్రతి దేవుడికీ కన్ను తెరిచింది నేను. ఎక్కడా నా పేరు లేదు. అడిగితే ‘నువ్వా?’ అంటారు. ఈ ముక్క చూపిస్తే ఆ మాట అనలేరు." గొంతు పెరిగింది. గేదె బెదిరి తాడు లాగింది.

వరలక్ష్మమ్మ గేదె వీపు మీద చెయ్యి వేసి నిమిరింది. కాసేపు నంది వంకా, కాసేపు నా వంకా చూసింది.

"చూలుతో ఉంది. అది ఈనేలోగా తెచ్చి మళ్ళీ ఇక్కడే కట్టాల. ఒట్టెయ్యి."

"మీ దేవుడి మీదా, మా దేవుడి మీదా?"

"ఇద్దరి మీదా వెయ్యి. నాకు ఎవరి మీదా అనుమానం ఎందుకు?"

వేశాను.

అట్లా ఊరూరా ఇల్లిల్లూ తిరిగాం. కొందరు ఇచ్చారు, కొందరు తలుపేసుకున్నారు. ఒక ఇంట్లో పార్వతి చెయ్యి ఉయ్యాలకి కట్టి ఉంటే పసిబిడ్డ ఏడుస్తున్నాడని అడక్కుండానే వచ్చేశాను. తెచ్చినవన్నీ మా ఇంట్లో చాప మీద పరిస్తే ఒక మనిషికి నడవడానికి చోటు లేదు. పసుపు మరకలు, పొగమసి, ఎలుక కొరికిన అంచులు. కానీ ప్రతి ముక్కలోనూ నా గీత ఉంది. నా పనంతా ఒక్కచోట చూడటం నాకు అదే మొదలు. చెప్పొద్దూ, ఛాతీ ఉబ్బింది.

పంతులు చూడ్డానికి వచ్చి ముక్కు మూసుకున్నాడు. "ఛీ ఛీ, ఈ మసిగుడ్డలు పట్టుకుపోతావా? సబ్బు పెట్టి ఉతికించరా."

"జిగురు రంగులు పంతులుగారూ," అంది జాన్‌బీ లోపలినుంచి. "ఉతికితే దేవుళ్ళు కాలవలో పోతారు. కావాలంటే మీ అర్జీ ఇయ్యండి, దాన్ని ఉతుకుతా."

పంతులు ఆ మాట విననట్టు వంగి చూశాడు. "అదలా ఉంచు. ఈ శివుడి తలకాయేమిటి గుమ్మడికాయంత ఉంది? ఈ కాళ్ళ ముక్క చూడు, పొట్టివాడిలాగా! గుంటూరులో నవ్వరూ?"

"నేల మీద పరిచి చూసే బొమ్మ కాదయ్యా అది. ప్రభ చివర ఉండేది. కిందనుంచి తలెత్తి చూసేవాడికి పైన తల చిన్నదైపోద్ది. అందుకని పెంచి వెయ్యాల. ఎత్తున కడితే సరిగ్గా ఉంటాడు."

"గుంటూరులో నీకోసం ఎవడు ఎత్తున కడతాడురా? బల్ల మీద పెట్టి చూస్తారు."

నిజమే. ఆ మాట నా గుండెల్లో ముల్లులాగా దిగింది. జాన్‌బీ బయటికి వచ్చి కొంగు దోపుకుంది. బొంతలు కుట్టే మనిషి, ముక్కలు కలపడం ఆమెకి నేను నేర్పాలా. పాత దుప్పటి ఒకటి పరిచి, ప్రభ మీద ఏది పైన ఉండేదో ఏది కింద ఉండేదో నన్ను అడిగి, ఆ వరసలోనే పెట్టి పైపైన టాకాలు వేసింది. ముక్కకి హాని లేకుండా తిరిగి విప్పేటట్టు. వేరు వేరు ఊళ్ళవి, వేరు వేరు ఏళ్ళవి, అయినా శివుడు నిలబడ్డాడు. మధ్యలో చెయ్యి లేని చోట దుప్పటే కనపడుతోంది. కనపడనీ అన్నాను.

అర్జీ ఈసారి నేనే రాశాను. నాకు వచ్చిన చేతిరాత బోర్డురాతే. సిరాతో కలం నాకు నడవదు. కుంచెతో, పెద్ద అక్షరాలతో, ఒక అట్ట మీద రాశాను. పంతులు చదివి నెత్తి బాదుకున్నాడు. "అయ్యా అని లేదు, బాబూ అని లేదు, దండాలు లేవు! అర్జీ అంటారుటరా దీన్ని?" అందులో ఉన్నది ఇంతే:

"నేను నరసరావుపేట తాలూకాలో ప్రభలకు బొమ్మలు వేస్తాను. దూరం నుంచి, కింద నుంచి జనం చూసే బొమ్మలు వేస్తాను. ఎండకూ గాలికీ నిలబడేవి వేస్తాను. నా పని ముక్కలై ఇళ్ళలో ఉంది, అడిగి తెచ్చాను, తిరిగి ఇవ్వాలి. మీ ద్వారం ఎత్తయినది. ఎత్తున బొమ్మ వేయడం నాకు తెలుసు. ఆ పని నాకివ్వండి. నూర్‌బాషా ఉస్మాన్."

రైలెక్కి నేనూ కోటయ్యా గుంటూరు దిగాం. ప్రదర్శన మైదానంలో ఇంకా పందిళ్ళు లేస్తున్నాయి. ద్వారానికి వెదురు చట్రం అప్పటికే నిలబెట్టారు. కోటయ్య దాని కాళ్ళు చూసి, "కట్లు వదులు," అని మొహం చిట్లించాడు. డేరా ముందు కుర్రవాళ్ళు కొందరు అద్దాల పటాలు పట్టుకుని నిలబడ్డారు. మడత నలగని చొక్కాలు. ఒకడి చేతిలో ఏదో జమీందారుగారి సిఫార్సు ఉత్తరం. నా చంకలో దుప్పటి చుట్ట. ఎవరైనా ఒక్క మాట అంటే తగులుకుందామని పళ్ళు బిగించి కూర్చున్నాను.

పిలిచారు. లోపల ఇద్దరున్నారు. సంఘం అధ్యక్షుడు నాగభూషణరావుగారు, రైసుమిల్లు యజమాని, భారీ మనిషి. పక్కన సన్నగా, కళ్ళజోడుతో ఉన్నాయన గోపాలరావుగారు. నేను అట్ట ఆయన చేతికిచ్చి, దుప్పటి బల్ల మీద విప్పాను. శివుడి తల బల్ల దాటి కిందకి వేలాడింది.

"ఏందయ్యా ఈ బొంత?" అన్నాడు నాగభూషణరావుగారు. "తల చూడు, కుండంత! ఇది పల్నాడులో అందమా?"

నేను నోరు తెరిచేలోపు గోపాలరావుగారు చెయ్యెత్తి ఆపాడు. ఆయన దుప్పటి చూడటంలేదు. నా అట్ట చదువుతున్నాడు. చదివి కళ్ళజోడు తీసి, "హంసలు వేసింది మీరేనా?" అన్నాడు.

"నేనేనండీ. ఇక వెయ్యను."

నవ్వాడు. "ఇది ఎంత ఎత్తున కట్టేదండీ?"

నన్ను ఎదురుగా ‘మీరు’ అన్నవాణ్ణి అప్పటిదాకా చూడలేదు. పోట్లాటకి నడుం కట్టుకుని వస్తే, ఆయన సరిగ్గా నేను వినాలనుకున్న ప్రశ్నే అడిగాడు. "తాటిచెట్టంత అండీ. ఇక్కడ… బయట మీ చట్రముంది గదా…"

"అయితే కట్టండి. చూద్దాం."

కోటయ్య అప్పటికే పంచె బిగిస్తున్నాడు. దుప్పటి భుజాన వేసుకుని వెదుళ్ళ మీద ఉడతలాగా పాకి పైదాకా పోయాడు. ఎక్కుతూ ఎక్కుతూ ఆ వదులు కట్లని బిగించుకుంటూ పోయాడు. మేమంతా వెనక్కి వెనక్కి నడిచి రోడ్డు దాకా వెళ్ళాం. కుర్రవాళ్ళు కూడా వచ్చారు. దుప్పటి జారి విప్పుకుంది.

గాలికి ఒకసారి ఊగి నిలబడింది. పైన తల తలంతే ఉంది. కాళ్ళు కాళ్ళంతే ఉన్నాయి. పసుపు మరకలు ఎండకి మెరిశాయి. నంది కన్ను రోడ్డు మీద పోయేవాళ్ళని ఒక్కొక్కరినే చూస్తున్నట్టుంది.

నాగభూషణరావుగారు కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "అబ్బో! మన వంకే చూస్తన్నాడే గోపాలరావుగారూ." ఆ మాటలో పెంకెతనం ఏమీ లేదు. నచ్చినది నచ్చిందని అనగలిగిన మనిషి.

అంతలో రోడ్డు మీద పోతున్న ఎడ్లబండి ఆగింది. మా వైపు రైతే. మిరపకాయ బస్తాలు వేసుకుని వచ్చాడు. తలగుడ్డ తీసి దణ్ణం పెట్టి, "ఏ ఊరి ప్రభండీ అది?" అని కేకేశాడు.

అదే ప్రశ్న. నా జన్మంతా వింటున్న ప్రశ్న. గుంటూరు వచ్చినా వదల్లేదు. కావూరుది అని చెప్పబోయి నేను మాట మింగాను.

గోపాలరావుగారు ఆ రైతు వైపు తిరిగాడు. "ఊరిది కాదండీ," అన్నాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఈయనది."

రైతు నన్ను పైనుంచి కిందిదాకా చూసి, ఎడ్లని అదిలించి పోయాడు.

పని నాకే ఇచ్చారు. వెదురు పని బిగించడానికి కోటయ్యని కూడా ఉంచుకున్నారు. దేవుళ్ళు వద్దు, రైతుల పని వెయ్యమన్నారు. మంచుకొండలు వెయ్యలేదు, హంసలు వెయ్యలేదు. నాపరాళ్ళ నేల వేశాను. ఎర్రగా మిరపకాయలు ఆరబోసిన కళ్ళం, పత్తి తీసే ఆడవాళ్ళు, విల్లు పట్టుకుని దూది ఏకుతున్న మా నాయన. అన్నింటికంటే పైన ఎడ్లజత. వాటి కళ్ళు వెయ్యడానికి ఎక్కడా చూడనక్కరలేకపోయింది.

ముక్కలన్నీ పని మధ్యలోనే కోటయ్య చేత ఊళ్ళకి తిప్పి పంపాను. అతను తిరిగొచ్చి, "వరలక్ష్మమ్మ గేదె ఈనింది," అన్నాడు.

"నంది అందిందా ఈనకముందు?"

"నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఈనతా ఉంది. దున్నదూడ పుట్టింది. నంది ఎదురుగా లేకపోబట్టే పెయ్య పుట్టలేదంట. నీ పేరు చెప్పి తిట్టింది చూడూ, ఊళ్ళో నీ పేరు తెలవనోడు ఇప్పుడు లేడు."

చివరికి పేరు రాసే రోజు వచ్చింది. ద్వారం కాలు దగ్గర, నేలకి జానెడు పైన కొంచెం జాగా వదిలారు. నేను కుంచె ముంచి వంగితే కోటయ్య పైనుంచి కేకేశాడు. "ఒరేయ్, అక్కడ రాస్తే కుక్కలు కాలెత్తుతాయిరా!"

వెళ్ళి గోపాలరావుగారిని అడిగాను. ద్వారం మీద రాయిస్తామని పత్రికలో వేశారు గదా, ఇది ద్వారం మీద కాదు, ద్వారం కాళ్ళ దగ్గర అన్నాను. ఆయన నాగభూషణరావుగారి వంక చూశాడు. ఆయన పొట్ట కదిలేటట్టు నవ్వి, "ఎక్కించవయ్యా పైకి. ఈ మనిషితో మనం పడలేం," అన్నాడు.

ఎడ్ల గిట్టల కింద రాశాను. పైన ఉండే అక్షరం కిందనుంచి చూసేవాడికి నలిగిపోతుంది. అందుకని నిలువుగా సాగదీసి రాశాను. నూర్‌బాషా ఉస్మాన్, నరసరావుపేట. అన్నేళ్ళుగా అందరి పేర్లూ రాసిన చెయ్యి ఆ రోజు ‘నూ’ని రెండుసార్లు దిద్దింది. దిగి రోడ్డు దాకా పోయి చూసుకున్నాను. అక్షరాలు సమానంగా ఉన్నాయి.

ప్రదర్శన తెరిచాక మా తాలూకా జనం రైళ్ళలో, బళ్ళలో వచ్చారు. నేను రోజూ ద్వారం ఎదురుగా సోడాకొట్టు దగ్గర నిలబడేవాణ్ణి. ఎవరు తలెత్తి చూస్తారా అని. ఒకరోజు కావూరు వాళ్ళ గుంపు వచ్చింది. ముందు వరలక్ష్మమ్మ. నన్ను చూస్తే దున్నదూడ సంగతి ఎత్తుతుందని సోడాకొట్టు వెనక్కి తప్పుకున్నాను.

ఆమె ద్వారం కింద ఆగింది. తలెత్తింది.

"అదుగోనే మా నంది! అదే కన్ను. దీని తోబుట్టువు మా గొడ్లసావిట్లో ఉంది," అంది గట్టిగా, పక్కనున్న గుంటూరు ఆమెతో.

"ఎవరు వేశారండీ?" అని ఆ గుంటూరు ఆమె అడిగింది.

"ఎవరేందమ్మా, మా ఉస్మాను సాయిబు. ఆడెక్కడో పైన పేరు రాసుంటది చూడు. నాకు చదవడం రాదుగానీ, రాసే ఉంటది. రాయకపోతే ఊరుకునే మనిషి కాదాయన."

గుంటూరు ఆమె తలెత్తి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ, పైకే చదివింది.